నీరుగంటి చెప్పిన ప్రకారం

ఒక ఊరి చెరువు పనిలో నాతో ఉన్న చేపల మేడమ్ పొద్దున్నే ఫోన్ చేసింది. "నీరుగంటి తాత పోయి తొమ్మిది రోజులైందంట సార్. నాకూ నిన్ననే తెలిసింది. ఎల్లుండి దినాలు. మీరొస్తే బాగుంటుంది" అంది.

బాగుంటుందో లేదో నాకు తెలియదు. మూడేళ్ళుగా నేను ఆ ఊరివైపు బండి తిప్పలేదు. బెళుగుప్పలో పని పడితే, ఆ ఊరి మీదుగా వచ్చే దగ్గరి దారి వదిలేసి ఉరవకొండ చుట్టి అనంతపురం చేరేవాణ్ణి. ఎందుకని మా ఆవిడ అడిగితే రోడ్డు బాగాలేదనేవాణ్ణి. రోడ్డు బాగానే ఉంది. ఒక కాగితం మీద నేను రాసిన ఒకే ఒక్క అబద్ధం వల్ల ఆ ముసలాయన బతుకంతా కాపాడుకున్న మాట పోగొట్టుకున్నాడు. ఆ ముఖం ఎదురుపడుతుందని నా భయం.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఊళ్ళో కూడా ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. రైతులు నీరుగంటోడు అనేవాళ్ళు, మిగతావాళ్ళు నీరుగంటి తాత అనేవాళ్ళు. నీరుగంటి అంటే చెరువు తూము తీసి, మూసి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసే మనిషి. ఆ చెరువు కింద ఈ పని ఎప్పుడూ సెంటు భూమి లేనివాడికే ఇచ్చేవారు. చేనున్నవాడికి తూము అప్పగిస్తే నీళ్ళు వాడి చేనివైపే వంగుతాయని పెద్దల అనుమానం. "నాకు చేను ల్యా. అందుకే చెరువంతా నా చేతికిచ్చినారు" అనేవాడాయన. ఆ మాట నవ్వుతూ అనేవాడు కాదు.

ఆయనకు గడియారం లేదు. ఎండలో నిలబడి తన నీడను తానే, మడమకు బొటనవేలు ఆనించి అడుగులేస్తూ కొలిచేవాడు. నీడ ఇన్ని అడుగులుండే దాకా ఒకరి వంతు, అది దాటితే ఇంకొకరిది. చెరువు ఎండిపోయి ఆరేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. నేను గొడుగు కింద కూర్చుని కాగితాలతో కుస్తీ పడుతుంటే, అవతల నీడ కొలుచుకుని వచ్చి "అన్నం పొద్దయింది సారూ" అనేవాడు. తీరా ఫోను చూసుకుంటే సరిగ్గా ఒంటిగంట అయి ఉండేది. నాకు ఒళ్ళు మండేది. నా పనిలో నాకన్నా ముందు ఎవరైనా ఏదైనా చెబితే నేను ఓర్చుకోలేను, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

నా గొప్పంతా సముద్రపు ఒడ్డున సంపాదించింది. పుట్టింది అనంతపురంలోనే అయినా, చదువయ్యాక కోస్తాలో పనిచేశాను. మడ అడవులు మళ్ళీ పెంచేవాళ్ళకూ, సముద్ర జీవాలను పరిశోధించేవాళ్ళకూ ఆటుపోట్లతో పాటు లేచి దిగే గదులు కట్టాను. ఆ గదులు చూసి ఒక సంస్థవాళ్ళు నన్ను పిలిచారు. మెట్టసీమలో ఎండిన చెరువుకు దాని పాత చేపలనూ, నీటి మొక్కలనూ, పక్షులనూ తిరిగి తెప్పించాలి. అందుకు చెరువు లోపలే ఒక పరిశోధన గది కావాలి. నీళ్ళున్నప్పుడు అది తేలాలి, లేనప్పుడు నేలమీద కూర్చోవాలి. నేను గీసింది తేలికైన లెక్కే. గది కింద ప్లాస్టిక్ డ్రమ్ములు, నాలుగు మూలలా నాలుగు ఇనుప స్తంభాలు, ఒక్కో స్తంభం చుట్టూ గదికి బిగించిన ఒక్కో కడియం. నీళ్ళు పెరిగితే కడియాలు స్తంభాల వెంట జారుతూ గది పైకి లేస్తుంది. స్తంభాల ఎత్తు తెలియాలంటే ఒక్కటే తెలియాలి, చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో.

తాత రోజూ వచ్చి డ్రమ్ముల పక్కన గొంతుక్కూర్చునేవాడు. కుర్చీ చూపిస్తే వద్దనేవాడు. ఒకరోజు అడిగాడు.

"సముద్రానికి మరవ యాడ ఉంటాది సారూ?"

మరవ అంటే చెరువు నిండాక మిగులు నీళ్ళు బయటికి పొర్లిపోయే చోటు. సముద్రానికి మరవ ఉండదని చెప్పాను. ఆయన పక్కనున్న డ్రమ్మును ఒకసారి తట్టి చూశాడు.

"మరవ లేని నీళ్ళను ఎట్ల నమ్మినావప్పా నువ్వు?" అన్నాడు.

నేను నవ్వేసి నా పనిలో పడ్డాను. ఆయన నవ్వలేదు.

ఆయన చెప్పుల సంగతి కూడా చెప్పాలి. పొద్దున కట్ట మీదినుంచి చెరువులోకి దిగుతూ, ఏటవాలులో ఒక నల్లరాయి దగ్గర ఆగి చెప్పులు విడిచేవాడు. అక్కణ్ణుంచి వట్టి కాళ్ళతోనే లోపలికి వచ్చేవాడు. చెరువంతా ముళ్ళకంప, నెర్రెలు. నేను నీటిమట్టానికి గుర్తుగా పాతిన మేకు ఆ నల్లరాయికి రెండడుగులు కిందుగా ఉండేది. మధ్యలో దుమ్ము తప్ప ఏమీ లేదు.

"తాతా, ముండ్లుండాయి. చెప్పులేసుకుని రాకూడదా?" అన్నాను ఒకసారి.

"నీళ్ళల్లోకి చెప్పులేసుకుని పోతారా ఎవరన్నా" అన్నాడు, నాకేదో తెలివి తక్కువైనట్టు.

ఈ సంగతి అనంతపురంలో నా స్నేహితులకు చెప్పి నవ్వించాను. ఎండిన చెరువులో లేని నీళ్ళకు దండం పెట్టే ముసలోడని చెప్పాను. అందరూ బాగా నవ్వారు. నేనూ నవ్వాను.

పని మొదలుపెట్టే ముందు ఊళ్ళో సభ పెట్టాలని సంస్థ నియమం. బడి ముందు షామియానా వేశారు. రైతులు కుర్చీల్లో కూర్చున్నారు. నేను నీటిమట్టం గురించి బొమ్మలు చూపించాను, సంతకాలు తీసుకున్నాను. తాత ఆఖరి గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, మడత విప్పని తువ్వాలు. ఎక్కడో పెళ్ళికి పోతున్నట్టున్నాడనుకున్నాను. సభ అయిపోయి షామియానా విప్పుతున్నా ఆయన కదల్లేదు. నన్ను చూసి రెండడుగులు ముందుకేశాడు. నేను ఫోను చెవికి పెట్టుకుని కారెక్కాను.

ఆ సాయంత్రం కార్లోనే ఫారం నింపాను. 'స్థానికుల సలహా ప్రకారం గరిష్ఠ నీటిమట్టం' అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంటే ఫారం వెనక్కి వస్తుంది. మట్టం నేను పరికరంతో కొలిచేశాను. మరవ గట్టు ఎంత ఎత్తుంటే నీళ్ళు అంతే, ఇందులో ఒకరిని అడిగేదేముంది? గడిలో ఇలా రాశాను: నీరుగంటి చెప్పిన ప్రకారం. పక్కన నేను కొలిచిన అంకె వేశాను. నిమిషం కూడా పట్టలేదు.

మరవ గట్టు మీద వరసగా కొన్ని రాళ్ళు నిలబెట్టి ఉండేవి, మోకాలెత్తువి. పాతకాలపు నడకదారి తాలూకు మిగులనుకుని వాటి ఫోటో కూడా తీసుకున్నాను. ఎందుకున్నాయో ఎవర్నీ అడగలేదు.

గది కట్టడం అయిపోయింది. చేపల మేడమ్ వచ్చి చేరింది. చేపల మీద పరిశోధన చేసే అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో. ఊళ్ళోవాళ్ళు పెట్టిన ఆ పేరు ఆమెకే నచ్చి అలాగే ఉండిపోయింది. చుట్టుపక్కల గుంటల్లో, బావుల్లో బతికి బయటపడ్డ పాతరకం చేపలను వెతికి తెచ్చి ఆ గదిలో తొట్లలో పెంచింది. తొట్లకు నీళ్ళు ట్యాంకర్లో వచ్చేవి. చెరువు నిండిన రోజున వాటిని వదలాలని ఆమె ఆశ. రెండేళ్ళు అలా గడిచాయి.

రెండో ఏడు వాన పట్టుకుంది. మూడు రోజులు తెరిపి లేదు. పై చెరువులు నిండి పొర్లి, ఆ నీళ్ళన్నీ ఈ చెరువుకొచ్చాయి. మూడో రోజు మధ్యాహ్నం మేడమ్ ఫోన్ చేసింది.

"సార్, గది స్తంభాల పైదాకా వచ్చేసింది. ఇంకా అడుగు కూడా లేదు. నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి."

"మరవ దాటి నీళ్ళు పెరగవమ్మా. భయపడకు" అన్నాను. అంటూనే బండి తీశాను.

కట్ట ఎక్కి చూశాను. మరవ దగ్గర ఊరు ఊరంతా ఉంది. నిలబెట్టిన ఆ రాళ్ళ మధ్య కంప, గడ్డి, మట్టి కుక్కి కుక్కి గోడలా కట్టేశారు. గట్టు మీద ఇంకో రెండడుగుల నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ రాళ్ళు అందుకేనట. చెరువు నిండిన ఏడాది అలా కుక్కి నీళ్ళను ఎత్తి నిలుపుకోవడం తాతల కాలంనుంచీ ఉన్నదేనట. ఇటు తిరిగి చూస్తే నల్లరాయి అంచును నీళ్ళు తాకుతున్నాయి. ముసలాయన ఎనిమిదేళ్ళు ఆ నీళ్ళ ఒడ్డునే చెప్పులు విడిచాడని అప్పుడు అర్థమైంది. రోజూ నా కళ్ళముందే విడిచాడు.

"తీసేయండి, ఆ మట్టి తీసేయండి, లోపల మనిషి ఉంది" అని అరిచాను.

ఆయకట్టు పెద్ద ఒకాయన నాకు అడ్డంగా నిలబడ్డాడు. కోపంగా లేడు. అదే నాకు ఇంకా భయమేసింది.

"ఎనిమిదేండ్లకు వచ్చిన నీళ్ళప్పా ఇవి. నీ రేకుల కొట్టం కోసరం ఇడిసిపెట్టేదా? ఆ పాపను బయటికి రమ్మను" అన్నాడు.

మేడమ్ రానంటోంది. తొట్లలో చేపలున్నాయి. ఇంతలో టప్పున ఒక కడియం స్తంభం కొసనుంచి ఊడి వచ్చింది. గది ఒక మూలకు ఒరిగింది. లోపలినుంచి ఏదో పగిలిన చప్పుడు, మేడమ్ కేక. గది మిగతా కడియాలు కూడా ఊడి కొట్టుకొచ్చిందంటే నేరుగా మరవకే వచ్చి తగులుతుంది. గోడ తెగి ఒక్కసారిగా నీళ్ళు పడితే కింద ఉన్న మనుషులు మిగలరు.

తాత ఎక్కణ్ణుంచి వచ్చాడో చూడలేదు. మా ఇద్దరి మధ్యా నిలబడి మరవ వంక చూశాడు, గది వంక చూశాడు. నా వంక చూడలేదు.

"మరవ తీసేది ల్యా" అన్నాడు రైతులతో. "కింద నిలబడినోళ్ళు పైకి రాండి. మోట తాళ్ళు యాడున్నా తీస్కరాండి. బిరబిరా."

అంతవరకూ నా మాట లెక్కచేయనివాళ్ళు, ఆయన్ని నీరుగంటోడనేవాళ్ళు, ఒక్కరూ ఎదురు చెప్పకుండా పరుగెత్తారు. ఆయన తాడు నడుముకు చుట్టుకుని ఆ వయసులో రొమ్ముల్లోతు నీళ్ళలోకి దిగాడు. తర్వాత ఈదాడు. రెండో కడియం ఊడింది. గది గిర్రున సగం తిరిగింది. ఆయన తల రెండుసార్లు కనబడకుండా పోయింది. నేను కట్టమీద నిలబడి, ఏ దేవుడికి మొక్కుకోవాలో కూడా తోచక, చేతులు పిసుక్కుంటూ ఉన్నాను. ఆయన గది పట్టుకుని తాళ్ళు బిగించాడు. ఇంకో కొస తూము రాతిస్తంభాలకు చుట్టించాడు. యాభై మంది లాగితే గది మరవకు దూరంగా వచ్చి కట్టరాళ్ళకు కొట్టుకుని చీలింది. మేడమ్‌ని బయటికి లాగారు. మణికట్టు విరిగింది. తొట్లన్నీ బోర్లాపడ్డాయి. లెక్కకూ గుర్తుకూ అందకుండా చేపలన్నీ వరదలో కలిసిపోయాయి. ఆ అమ్మాయి రెండేళ్ళ కష్టం అక్కడితో సరి. ఆమె చేతి నొప్పికి కాదు, దానికి ఏడ్చింది.

రెండు వారాలకు సంస్థనుంచి ముగ్గురు విచారణకొచ్చారు. బడి వరండాలో కుర్చీలు వేశారు. ఊరంతా చేరింది. వచ్చినవాళ్ళలో పెద్దాయన నా ఫారం తీసి చదివాడు.

"ఇక్కడ నీరుగంటి చెప్పిన ప్రకారం అని ఉంది. నీరుగంటి ఎవరు?"

తాత ముందుకొచ్చాడు. నన్నెవరూ అడగలేదని ఆయన ఒక్క మాటంటే చాలు, నా పని ఆఖరు. ఇక ఎవరూ నాకు ఏ ఒడ్డునా గది కట్టే పని ఇవ్వరు.

"నీళ్ళు మరవ గట్టు దాకానే వస్తాయని నువ్వు చెప్పావా?"

ఆయన నా వైపు చూశాడు. అంతలోనే చూపు తిప్పి, వెనక నిలబడ్డ ఊరినంతా ఒకసారి చూశాడు.

"చెప్పినా" అన్నాడు.

"తప్పు చెప్పావు కదా?"

"తప్పే."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నేను లేచి ఉండాల్సింది. లేవలేదు. ముందున్న గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాను. ఆ నీళ్ళు గొంతు దిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే. నా మీద నాకు అసహ్యం వేసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

ఆ వారంలోనే రైతులు తూము కడ్డీ ఆయన దగ్గర్నుంచి తీసుకుని వేరే అతనికిచ్చారు. నీళ్ళు ఎంత వస్తాయో తప్పు చెప్పినవాడికి తూమెలా ఇస్తామన్నారు. వయసు మీదపడి మతి తప్పిందన్నారు. చెరువు నిండుగా ఉన్న ఏడాది, అన్నేళ్ళు ఎదురుచూసిన ఏడాది, ఆయన ఇంటి ముందు ఖాళీగా కూర్చున్నాడు.

నేను వెళ్ళి కలిశాను. "తాతా, నేను నిన్ను అడగనే లేదు కదా. ఎందుకట్ల చెప్పినావు?" అన్నాను.

"నీ కోసరం చెప్పినా అనుకోవాకు" అన్నాడు, ముందే కోసేస్తున్నట్టు. "ఊరంతా ఉండ్రి ఆడ. నా చెరువులో ఇల్లు కడతా నన్ను ఒక మాటన్నా అడగల్యాదని వాళ్ళ ముందర నా నోటితో చెప్పాల్నా? తప్పు చెప్పినాడనిపించుకుంటే ఏమి సారూ, తప్పు ఎవరన్నా చేస్తారు. అడిగే పనే లేనోడు అనిపించుకుంటే ఇంగ నేనెవుణ్ణి?"

మబ్బు వంక చూసి, "పో సారూ. వాన వచ్చేట్లుండాది" అన్నాడు. వచ్చేశాను. ఆయన్ని నేను చూడటం అదే ఆఖరు.

దినాలకు వెళ్ళాను. ఇంటి ముందు పందిరి వేసి ఉంది. రైతులు వీధిలో మంచాల మీద కూర్చున్నారు. వాళ్ళు ఆ ఇంట్లో తినేవాళ్ళు కాదు, పలకరించి పోయేవాళ్ళు. చేపల మేడమ్ ఆడవాళ్ళతో కూర్చుని ఉంది. మరవ దగ్గర నన్ను ఆపిన ఆయకట్టు పెద్ద, మంచి మాట చెబుతున్నాననే అనుకుని అన్నాడు.

"నలభై ఏండ్లు నీళ్ళు పంచినాడు. ఒక్కసారే మాట తప్పింది. పోనీలే పాపం."

నా వల్ల కాలేదు. లేచి నిలబడ్డాను. "తప్పింది ఆయన కాదన్నా. ఆయన ఏమీ చెప్పలేదు. నేను ఆయన్ని అడగలేదు. ఫారంలో ఊరికే రాసుకున్నాను" అన్నాను. అందరికీ వినబడేటట్టే అన్నాను. మూడేళ్ళుగా మోసిన బరువు దిగినట్టు, ఒక్క క్షణం ఊపిరి ఆడింది.

ఆయకట్టు పెద్ద తల వంచుకున్నాడు. "ఈ మాట అప్పుడే చెప్పింటే బాగుండు" అన్నాడు. కాసేపటికి ఒక్కొక్కరే లేచి వెళ్ళారు.

గడపలోంచి తాత భార్య పిలిచింది. "సారూ, ఇట్ల రా."

వెళ్ళాను. ఆమె కళ్ళల్లో తడి లేదు.

"పట్నం నుంచి వచ్చి నన్ను అడిగి కట్టినారని వచ్చిన చుట్టానికంతా చెప్పుకున్నాడు మా ఆయప్ప. తూము పాయనని కూడా అంత ఏడ్సల్యా. నా మాట తప్పు పాయ గానీ, నన్నే అడిగినారు కదమే, అనేవాడు నాతో. నాకు తెలుసులే, నువ్వు అడగల్యాదని. బిడ్డలకు తెలీదు. ఊరికి తెలీదు." ఆమె వీధిలోకి చూసింది. "నీ బరువు నువ్వు దించుకుంటివి. ఆయప్పకు ఏమి మిగిలిస్తివి చెప్పు."

నిజం చెప్పినవాడికి ఇంత సిగ్గు ఉంటుందని నాకు తెలియదు.

ఆమె లోపలికి వెళ్ళి ఇస్తరాకు తెచ్చి నా ముందు పరిచింది. "కూకో. వచ్చినోనివి తినిపో" అంది.

కూర్చుని తిన్నాను. వడ్డిస్తున్నంతసేపూ ఆమె నా ముఖం వంక చూడలేదు.